2 కె.వి.ఎ. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మా దగ్గర కొన్నవారికి

గత దసరా తర్వాత మా కొట్లో 2 కె.వి.ఎ. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (ఇంటి కరెంటుకీ ఆంప్లిఫైయర్‌కీ మధ్య పెట్టే పెట్టె) కొన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. బిల్లు మీద కాపర్ వైండింగ్, అంటే లోపల చుట్టిన తీగ రాగిది అని ఉంది. పెట్టెలో ఉన్నది అల్యూమినియం. అలాంటివన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. అంతకుముందు కొన్నవాళ్లు, చిన్న సైజువి కొన్నవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు, అవి వేరే చోట చేయించినవి.

బయటపెట్టింది గుంటూరు బ్రాడీపేటలో ఉండే మన పాత కస్టమర్ ఒకాయన. తన ఇంట్లో ఒకటి ఉండగా తమ్ముడి కోసం ఇంకోటి తీసుకెళ్లారు. రెండూ మార్చి మార్చి విని, కొత్తదానిలో డోలు దెబ్బకు బలం తగ్గిందని ఫోన్ చేశారు. నేను నమ్మలేదు. చెవుల మాట చెవులది, ఆదివారం విన్నట్టు సోమవారం వినపడదు. కానీ ఆయన ఇంకో మాటన్నారు: "రెండూ ఎత్తి చూశానండీ, కొత్తది తేలిగ్గా ఉంది." కాటా అబద్ధమాడదు కదా. తెప్పించి విప్పాను.

బయటికొచ్చే లీడ్లు రాగివే. లోపల చుట్టిన తీగా రాగి రంగులోనే ఉంది, కానీ ఆ రంగు తీగ మీద పూసిన ఎనామిల్ పూతది. బ్లేడుతో గీకితే తెల్లగా మెరిసింది. రాగి లీడును అల్యూమినియం తీగకు కలిపిన చోట స్లీవ్ తొడిగి, పైన టేపు చుట్టారు. పొరపాటున వేరే తీగచుట్ట వాడేసి ఉంటే ఆ అతుకు అక్కడ ఉండదు. కొసలకు మాత్రం రాగి పెట్టినవాడికి తానేం చేస్తున్నాడో తెలుసు. నన్ను కోసేసింది అదే.

కొట్లో ప్రతి పెట్టెకీ మెగ్గర్ (ఇన్సులేషన్ సరిగ్గా ఉందో లేదో చూసే మీటరు) పెడతాం, లోడ్ లేకుండా వోల్టేజీ చూస్తాం. ఈ రెండింట్లోనూ తీగ ఏ లోహమో బయటపడదు. లోడ్ లేనప్పుడు వోల్టేజీని నిర్ణయించేది చుట్ల లెక్క, చుట్లు సరిగ్గానే ఉన్నాయి. ఫుల్ లోడ్ పెడితేగాని అసలు రంగు తెలియలేదు. కాపర్ దానిలో 9 వోల్టులు పడేచోట దీనిలో 14 దాకా పడుతోంది. ఒకే మందం తీగలో అల్యూమినియం రెసిస్టెన్స్ రాగికి సుమారు 1.6 రెట్లు. లెక్క సరిపోయింది.

వైండింగ్ చేసిపెట్టే పెద్దమనిషిని అడిగాను. చాలా ఏళ్లుగా ఆయనతో పని. తడబడతాడేమో అనుకున్నా, తడబడలేదు. "గురువు గారూ, వీధిలో స్తంభాల మీద ఉన్నదేంటి? అల్యూమినియమేగా! అక్కణ్నుంచే కదా మీ ఆంప్లిఫైయర్‌కి కరెంటు వచ్చేది?"

నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది. ఎందుకంటే ఆ మాటలో సగం నిజం. అల్యూమినియం చెడ్డ లోహమేం కాదు. స్తంభాల మీద లావుపాటి తీగ వేస్తారు కాబట్టి సరిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లోనూ అంతే, తీగ మందం పెంచి, దానికి తగ్గట్టు కోర్ పెద్దది పెట్టి, బిల్లు మీద అల్యూమినియం అని రాసి అమ్మితే నాకే అభ్యంతరమూ లేదు. ఈయన అదే కోర్, తీగ చుట్టే అదే బాబిన్ వాడాడు. ఆ సందులో లావు తీగ పట్టదు. రేటు మాత్రం రాగి రేటే తీసుకున్నాడు.

ఫ్యాన్‌కో ఫ్రిజ్‌కో అయితే ఈ తేడా పెద్దగా తెలియదు. ఆంప్లిఫైయర్ సంగతి వేరు. మామూలు ట్రాన్స్‌ఫార్మర్ సప్లై ఉన్న ఆంప్ కరెంటును నిలకడగా లాగదు. 230 వోల్టుల సప్లైలో అల శిఖరం 325 దగ్గర ఉంటుంది. కెపాసిటర్లు ఆ కొసనే కాసేపు గట్టిగా గుంజుతాయి. వైండింగ్ రెసిస్టెన్స్ పెరిగితే కోత పడేది ఆ శిఖరానికే. బ్రాడీపేట ఆయన చెవులకు ఈ సందర్భంగా దణ్ణం పెడుతున్నాను.

ఇక నాకు నిద్ర లేకుండా చేసిన విషయం. అందరికీ చెప్పాలా, అడిగినవాళ్లకే మార్చాలా? మా బావ లెక్కలు చూస్తాడు. "నడుస్తున్నదాన్ని నువ్వెందుకు కెలుకుతావు, ఎవరడిగారు నిన్ను" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను. మీలో చాలామంది సిస్టం రెండు మూడొందల వాట్లు కూడా లాగదు. ఆ లోడ్‌కి తేడా చిన్నది, ఎవరూ కనిపెట్టలేరు. అందరివీ వెనక్కి తీసుకుంటే నేను పెట్టుబడికి దాచింది మొత్తం పోతుంది. రాత్రి సరే అనుకునేవాణ్ని, తెల్లారితే మనసు మారేది. కానీ బిల్లు మీద కాపర్ అని రాసింది నా చేత్తో. కిందున్న సంతకం నాది, వైండింగ్ ఆయనది కాదు. కొట్టు వెనక గదిలో పాటలు వినడానికి ఏర్పాటు చేస్తానని ఊరించాను కదా, ఆ డబ్బు దీనికే పోతోంది. గది ఈ ఏడాదికి లేదు.

విషయం కొంచెం బయటికి పొక్కగానే ఒకాయన "చివరికి మీరూ అంతేనా" అన్నారు. ఏం చెప్పను! ఇంకొకరు సలహా ఇచ్చారు, ఈ తలనొప్పి వదిలేసి ఫారిన్ పవర్ కండిషనర్లు, యాభై వేల పవర్ కేబుళ్లు అమ్ముకోమని. మార్జిన్ బాగుంటుంది, తెలుసు. వీధంతా అల్యూమినియం మీద వచ్చిన కరెంటు ఆఖరి మీటరున్నరలో పునీతమైపోతుందని నేను చెప్పలేను. చెప్పను కూడా.

ఇకనుంచి తీగ నేనే కొని ఇస్తాను. కొత్తగా కుదిరినాయన కూలికి చుడతాడు, లీడ్లు కలిపే ముందు నాకు చూపిస్తాడు. ప్రతి పెట్టెనీ ఫుల్ లోడ్ మీద నడిపించి, పడిన వోల్టేజీ బిల్లు మీద రాసిస్తాను. రేటు పెరుగుతుంది. మీ పాత పెట్టెకు మార్పిడిగా వచ్చేదానికి మాత్రం పైసా అదనం లేదు. కొత్తవి వేసవి అయ్యాకే వస్తాయి, అందాకా ఆగలేనివాళ్లు డబ్బు మొత్తం తీసుకోండి.

అప్పటిదాకా పాతది వాడుకోవచ్చు గానీ, వాడనప్పుడు ప్లగ్ తీసేయండి. రాగి, అల్యూమినియం కలిసిన అతుకును నేను నమ్మను. పెట్టె బాగా కాలుతున్నా, వాసన వచ్చినా వెంటనే ఆపేయండి. అసలు ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా కూడా డీబీ (ఇంట్లో ఎంసీబీలుండే బోర్డు) నుంచి ఆంప్‌కి విడిగా ఒక 4 చదరపు మిల్లీమీటర్ల కాపర్ లైను, దానికో ఎంసీబీ, ఒక 16 ఆంప్స్ సాకెట్ వేయిస్తే సగం గోల పోతుంది. ఫ్యాన్ రెగ్యులేటర్లు, ఎల్ఈడీ లైట్లు ఆ లైను మీద వద్దు. మే నెల ఎండకు ఎర్త్ పిట్ ఎండిపోతుంది, నీళ్లు పోయించండి. లోడ్ మీద న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్ని పిలవాలి, నన్ను కాదు. రాత్రి ఏసీలన్నీ ఆన్ అయ్యాక 200కి పడిపోయే వోల్టేజీని ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పైకి లేపదు, ఆ పని సర్వో స్టెబిలైజర్‌ది. ఇది అమ్మేటప్పుడూ చెప్పాను, మళ్లీ చెబుతున్నాను.

విజయవాడ, తాడేపల్లి, మంగళగిరి, గుంటూరులో ఉన్నవాళ్ల ఇళ్లకు మా కుర్రాళ్లే వచ్చి పట్టుకెళ్తారు. బరువు కాబట్టి మీరు మోయొద్దు. బిల్లు దొరక్కపోతే పెట్టె కిందున్న నంబరు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి. ఆదివారం పంపితే సోమవారమే చూస్తాను.