ప్రసూతి సెలవు జీతం ఎవరి జేబులోంచి పోతోంది?

సంపాదకుడు గారికి,

పండగ బేరాలకు ముందు కర్నూలు, ఆదోని, ప్రొద్దుటూరు బట్టల అంగళ్ళ అద్దాల మీద ‘సేల్స్ గర్ల్స్ కావలెను’ అని కాగితాలు అంటిస్తారు. లోపలికి వెళ్ళిన అమ్మాయిని చదువు కన్నా ముందు అడిగేది పెళ్ళయిందా అని. అయిందంటే పిల్లలెందరు, ఇంకా కంటావా అని. మగపిల్లవాణ్ణి ఈ మాట అడిగేవాళ్ళు లేరు. పెళ్ళి బట్టలమ్మి బతికే అంగట్లో పెళ్ళయిన మనిషి పనికిరాదట! చేరాక కడుపుతో ఉందని తెలిస్తే ఐదో నెలకో ఆరో నెలకో ‘కాన్పయ్యాక రామ్మా, చూద్దాం’ అని పంపేస్తారు. నర్సింగు హోముల్లో నర్సులకూ చాలాచోట్ల ఇదే వరస. యజమానులు చెప్పేది ఒక్కటే: ఆరు నెలలు ఇంట్లో కూర్చోబెట్టి జీతం ఇవ్వడం మావల్ల కాదు.

ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల రాజ్య బీమా, వర్తించే చోట ఆ మాట నిజం కాదు. పదిమంది, అంతకు మించి పనిచేసే అంగడికైనా ఆసుపత్రికైనా ఈఎస్ఐ ఉండాలి. నెలకు 21,000 రూపాయల వరకు జీతగాళ్ళంతా దాని కిందికి వస్తారు. యజమాని వాటా జీతంలో 3.25 శాతం, పనిచేసే మనిషి వాటా 0.75 శాతం. నెలకు 12,000 తీసుకునే అమ్మాయి విషయంలో యజమాని కట్టేది 390 రూపాయలు, ఆమె కట్టేది 90. ఆమెకు కాన్పు వస్తే 26 వారాలు, అంటే 182 రోజులు, రోజుకు 400 చొప్పున సుమారు 72,800 రూపాయలు ఈఎస్ఐ సంస్థే ఆమె ఖాతాలో వేస్తుంది. యజమాని గల్లాపెట్టెలోంచి ఒక్క రూపాయి పోదు. ఇద్దరు పిల్లలున్నాక వచ్చే కాన్పుకు 12 వారాలు, గర్భస్రావమైతే 6 వారాలు ఇస్తారు.

మరి గొడవ ఎక్కడొస్తోంది? ఆ 390 ఎగ్గొట్టిన చోట. ఒకే అంగడిని కింది అంతస్తు తండ్రి పేర, పై అంతస్తు కొడుకు పేర రాసి రెండు చోట్లా తొమ్మిదేసి మందిని చూపుతారు. వాచ్‌మన్‌నూ, ఊడ్చే ఆమెనూ, ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్ళనూ లెక్కలోకి తీసుకోరు, చట్టం మాత్రం తీసుకుంటుంది. ఇంకొందరు 12,000 జీతాన్ని కాగితం మీద 6,000 చేస్తారు. దానివల్ల యజమానికి మిగిలేది నెలకు 195 రూపాయలు. కాన్పు నాడు ఆ అమ్మాయికి తగ్గేది 36,400. ఈ రెండో అంకె ఆమెకు ఎవరూ చెప్పరు.

అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ తీసేది ఆలస్యంగా నమోదు చేయడం. ‘ఆరు నెలలు పనితనం చూసి ఎక్కిస్తాం’ అంటారు. ఈఎస్ఐకి కట్టే ఆ వాటాలనే చందా అంటారు. చందా కాలాలు రెండు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. వరుసగా రెండు చందా కాలాల్లో కలిపి 70 రోజుల చందా పడి ఉంటేనే ప్రసూతి డబ్బు వస్తుంది. పైగా చందా కట్టిన కాలానికీ, దాని మీద డబ్బు అందే కాలానికీ మధ్య మూడు నెలల ఎడం ఉంటుంది. ఏప్రిల్–సెప్టెంబరు చందా జనవరి నుంచి జూన్ వరకు పనికొస్తుంది. అందుకే చేరిన మొదటి నెలలోనే పేరెక్కాలి, కడుపు వచ్చాక ఎక్కించి లాభం లేదు. చేరేటప్పుడే పది అంకెల బీమా నంబరు అడిగి తీసుకోవాలి, చందా నెలనెలా పడుతోందో లేదో చూసుకోవాలి. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకు ఖాతాలో అత్తింటి ఇంటిపేరు ఉంటే డబ్బు ఆగుతుంది. ఆ సవరణ పెళ్ళయిన ఏడాదే చేయించుకోవడం మేలు, నిండు చూలాలిగా మీసేవ చుట్టూ తిరగక్కరలేదు.

పనిలోంచి పంపేసినంత మాత్రాన అప్పటికే పడిన చందా మీద హక్కు పోదు. ప్రసూతి డబ్బు అందుకుంటున్న కాలంలో ఉద్యోగంలోంచి తీసేయకూడదని చట్టంలోనే ఉంది. అందుకని యజమానులు అంతకు ముందే ‘స్వంత కారణాల వల్ల మానుకుంటున్నాను’ అన్న కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. ఆ సంతకం పెట్టకూడదు. గర్భవతినన్న సంగతి, సెలవు కావాల్సిన తేదీ రాసి, డాక్టరు సర్టిఫికెట్ నకలు జతచేసి, స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. ఆ తర్వాత తీసేస్తే, ఎందుకు తీశారో యజమాని జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

ఇక మన సీమకు ప్రత్యేకంగా తగిలే చిక్కు ఇంకొకటుంది. ఈఎస్ఐ పరిధి నుంచి ‘సీజనల్ ఫ్యాక్టరీల’ను తప్పించారు. వాటి జాబితాలో ముందు వరసలో ఉన్నవే పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లులు, వేరుశనగ కాయలు ఒలిచే మిల్లులు. అంటే ఆదోని జిన్నింగు మిల్లుల్లో పత్తి ఏరే ఆడవాళ్ళు, అనంతపురం వైపు చెనక్కాయల మిల్లుల్లో పప్పు ఏరే ఆడవాళ్ళు ఈఎస్ఐకి బయటే. అలాగని వాళ్ళకు హక్కు లేకుండా పోలేదు. ఇక్కడ ప్రసూతి చట్టం నేరుగా యజమాని మీదే పడుతుంది. 1961 నాటి ఆ చట్టం 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రత కోడ్ అనే కొత్త చట్టంలో కలిసింది కానీ షరతు మారలేదు: కాన్పుకు ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే 26 వారాల కూలి ఇవ్వాలి. దినకూలీలకు కూడా ఇది వర్తిస్తుందని ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ మస్టర్ రోల్ కూలీల కేసులో సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. అక్టోబరులో పత్తి మొదలైతే, మిల్లు ఆగకుండా నడిచిన ఏడాది జనవరి చివరికే 80 రోజులు దాటతాయి.

కానీ ఆ 80 రోజులు చూపించేదెట్లా? మస్టరు, అంటే హాజరు పుస్తకం, మేస్త్రి చేతిలో ఉంటుంది. వారానికోసారి కూలి మొత్తం అతనికే ఇస్తారు, పుస్తకంలో ‘ఆడకూలీలు 22’ అని అంకె పడుతుందే తప్ప పేర్లుండవు. ఉన్నా ఈ వారం ఒక పేరు, వచ్చేవారం ఆమె ఆడబిడ్డ పేరు. ఇందులో కొంత నిర్లక్ష్యమైతే చాలావరకు లెక్క తెలిసి చేసేదే. ఆడకూలీల కూలి మేస్త్రి చేతికి కాకుండా ఎవరి ఖాతాలో వాళ్ళకు వేస్తే ఈ మాయ సగం పోతుంది, ఎందుకంటే బ్యాంకు పుస్తకమే హాజరు పుస్తకం అవుతుంది.

కార్మిక శాఖ వారు తనిఖీకి వెళ్ళినప్పుడు జీతాల రిజిస్టరు చూసి వచ్చేస్తున్నారు. దాంతోపాటు ఈఎస్ఐ సంస్థ నుంచి ఒక్కో యజమాని ఈఎస్ఐ కోడ్ నంబరు మీద ఇన్నేళ్ళలో ఎన్ని ప్రసూతి క్లెయిములు వచ్చాయో జాబితా తెప్పించుకోవాలి. ముప్పై మంది పడుచువాళ్ళు పనిచేసే అంగట్లో పదేళ్ళుగా ఒక్క క్లెయిమూ లేదంటే అక్కడ ఏం జరుగుతోందో వేరే సాక్ష్యం అక్కర్లేదు. యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉందా, అందులో పసిపిల్లలున్నారా, సరుకు మూటలున్నాయా అన్నది కూడా తలుపు తీసి చూడాలి. ఇక మిల్లుల సంగతికొస్తే, పత్తి లారీలు రావడం మొదలయ్యేలోగా కర్నూలు, అనంతపురం జిల్లాల కార్మిక అధికారులు పేరుపేరునా మస్టరు రాయాలని, కూలి ఖాతాల్లోనే వేయాలని మిల్లులకు రాతపూర్వకంగా నోటీసులివ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
పీఎఫ్, ఈఎస్ఐ లెక్కలు రాసే ఒక గుమాస్తా,
కర్నూలు