సద్దు లేదని క్లాంప్ విప్పొద్దు

కువైట్,
శుక్రవారం.

చిరంజీవి తమ్ముడికి అన్న దీవెనలు.

ఒంగోలు దగ్గర పాల ఫ్యాక్టరీలో నీకు పని దొరికిందని అమ్మ చెప్పినప్పుడు కడుపు నిండినట్టయింది. కానీ నువ్వు పంపిన ఫొటో చూశాక నాకు నిద్ర పట్టలేదు రా. నీ వెనకాల ఉన్నది గాలితో నడిచే డయాఫ్రం పంపు. ఇక్కడి జ్యూస్ ఫ్యాక్టరీలో ఆరేళ్లుగా నా పని దాని పక్కనే. ఫోన్లో చెబితే "సరే అన్నా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాసి, సెలవుకు వస్తున్న పొదిలి ఆయన చేతికి ఇస్తున్నా.

దానికి మోటారు ఉండదు. స్టీలు డొక్కు లోపల రెండు రబ్బరు పొరలుంటాయి. గాలి ఒకసారి ఈ పొరను, ఒకసారి ఆ పొరను నెడుతుంది. ఒకపక్క పాలు బయటికి పోతుంటే రెండోపక్క లోపలికి వస్తాయి. నువ్వు 5 కేజీల ఒత్తిడితో గాలి ఇస్తే లోపల పాల మీదా దాదాపు అంత ఒత్తిడి పడుతుంది.

పాలు బయటికి పోయే వైపు వాల్వ్ మూసేస్తే ఇది మూలగదు, కాలిపోదు. టకటక ఆపేసి ఊరికే నిలబడుతుంది. ఆగిపోయిందనే అనుకుంటాం. లోపల గాలి మాత్రం నెడుతూనే ఉంటుంది. కాస్త దారి దొరికితే చాలు, మళ్లీ కొట్టుకోవడం మొదలుపెడుతుంది.

నేను దెబ్బ తిన్నది అక్కడే. వచ్చిన మొదటి ఏడు, రాత్రి డ్యూటీలో కాస్టిక్ సోడా కలిపిన నీళ్లతో (ఒళ్లు కాల్చే మందు అది) లైను కడుగుతున్నాం. నీళ్లు 75 డిగ్రీల వేడి. పంపు సద్దు లేదు. అతుకులో ఉండే రబ్బరు గ్యాస్కెట్ దగ్గర కారుతుంటే గాలి వాల్వ్ కట్టేసి, ఆ అతుకును బిగించి పట్టుకునే క్లాంప్ నట్టు తిప్పాను. వాల్వుకూ పంపుకూ మధ్య గాలి, పంపు నుంచి బయటికి పోయే డెలివరీ లైన్లో కాస్టిక్ చిక్కుకుని ఉన్నాయని తట్టలేదు. క్లాంప్ ఊడి అదంతా ఎడమ చేతి మీద, మెడ మీద పడింది. కళ్లద్దాలు పెట్టుకున్నాను కాబట్టి కళ్లు దక్కాయి. తోటివాళ్లు షవరు కింద చాలాసేపు నిలబెట్టారు. అమ్మకు వంటలో నూనె పడిందని చెప్పాను. ఆ అబద్ధం ఇన్నేళ్లూ నన్ను గుచ్చుతూనే ఉంది. ఈ ఉత్తరం ఆమెకు నువ్వే చదివి వినిపించు.

నాయన చీమకుర్తి క్వారీలో డ్రిల్లు కొట్టిన రోజులు గుర్తున్నాయా? మనం క్యారేజీ తీసుకుపోయేవాళ్లం. కంప్రెసర్ ఆపాక కూడా ఆయన గొట్టం ఊడదీసేవాడు కాదు. కుళాయి తిప్పి, బుస్సుమనే చప్పుడు పూర్తిగా పోయేదాకా నిలబడేవాడు. అన్నం చల్లారిపోతోందని మనం గొణిగినా కదిలేవాడు కాదు. కళ్లారా చూసిన ఆ పనిని నేను ఇక్కడికొచ్చి మరిచిపోయాను. నువ్వు మరవొద్దు.

ముందు గాలి కట్టెయ్. ఆ తర్వాత గొట్టంలో మిగిలిన గాలిని వదిలెయ్. కొన్ని వాల్వులకు మూయగానే గాలి వదిలే చిన్న రంధ్రం ఉంటుంది, మామూలు బాల్ వాల్వుకు ఉండదు. తర్వాత బకెట్టు పెట్టి డెలివరీ వైపు డ్రెయిన్ తెరువు. చుక్క ఆగిన తర్వాతే క్లాంప్ మీద చెయ్యి వెయ్. అప్పుడు కూడా నట్టు ఒకేసారి ఊడదీయకు. వదులు చేసి చూసి, మొహం పక్కకు పెట్టుకుని విప్పు.

గాలి బయటికొచ్చే సైలెన్సర్ దగ్గరికి వంగొద్దు. అక్కడ కాస్త చెమ్మ, ఒక్కోసారి మంచు కూడా పడుతుంది, దానికి భయం లేదు. తెల్లగా పాలు కనిపిస్తే మాత్రం పొర చిరిగినట్టే. వెంటనే ఆపి చెప్పు. చిరిగిన పొరతో నడిపితే ఆ గాలి పాలలోకీ పోతుంది. ఆ పాలు పసిపిల్లలు తాగేవి రా.

ట్యాంకరు నిలబడి ఉంది, గాలి పెంచు అని ఎవరైనా తొందరపెడతారు. పంపు బిళ్ల మీద రాసిన ఒత్తిడి దాటించకు. గొట్టమో క్లాంపో అంతకంటే తక్కువ తట్టుకునేదైతే ఆ తక్కువే నీ హద్దు.

ఉత్తరంతో పాటు కళ్లద్దాలు, మోచేతి దాకా వచ్చే గ్లౌజులు పంపుతున్నా. దాచిపెట్టకుండా వాడు. రేపు డ్యూటీకి పోగానే ఆ గాలి వాల్వును దగ్గరగా ఫొటో తీసి పంపు, రంధ్రం ఉందో లేదో నేను చూస్తాను. అమ్మ మోకాళ్ల మందు అయిపోయి ఉంటుంది, ఈ నెల డబ్బులో ముందు అది కొను.

మీ అన్న