బ్లోయర్ ఆగితే ఏటికి ముప్పు

సంపాదకులకు నమస్కారం.

సోమశిలకు దిగువన, పెన్నకు దగ్గర్లో ఉన్న ఓ చిన్న పట్టణంలో మోటార్లు వైండింగ్ చేసుకుని బతికేవాణ్ణి. మొన్న ఎండాకాలంలో మా మురుగునీటి శుద్ధి ప్లాంటు నుంచి కాలిపోయిన బ్లోయర్ (ట్యాంకులోని మురుగులోకి గాలి కొట్టే యంత్రం) మోటారు నా షాపుకి వచ్చింది. రెండు రోజుల్లో చుట్టేశాను. తీసుకెళ్లేవాళ్లే లేరు. మంజూరు కాగితం రాలేదట. 19 రోజులు అది నా గుమ్మం దగ్గరే పడుంది. స్పేర్ బ్లోయర్ లేదా అంటే, ఉంది గానీ దాని పార్టులు ఎప్పుడో పీకేసి వాడుకున్నారు.

బిగించడానికి నేనే వెళ్లాను. మామూలుగా ఆ ట్యాంకు కాఫీ రంగులో బుసబుసా పొంగుతూ మట్టి వాసన వేస్తుందట. ఆ రోజు నల్లగా, కదలకుండా, కుళ్లిన కోడిగుడ్డు కంపు. ఆపరేటరు లీటరు గాజు జాడీతో ఆ నీళ్లు ముంచి గట్టు మీద పెట్టాడు. అరగంటకు బురద అడుక్కి దిగి పైన తేట నిలవాలి. గంటైనా తేరుకోలేదు. "జీవం పోయిందన్నా, మళ్లా పెంచుకోవాల" అన్నాడు.

అందులో మురుగును శుభ్రం చేసేది మందులని నేనూ అనుకునేవాణ్ణి. కాదు, బ్యాక్టీరియా. మురుగును అవి తింటాయి, వాటికి గాలి అందించేది బ్లోయర్. లీటరు నీటిలో రెండు మిల్లీగ్రాముల ఆక్సిజన్ అయినా లేకపోతే వాటి పని సాగదు. ప్లాంటులో జరగని ఆ పని ఏట్లో జరుగుతుంది. అక్కడ బ్లోయర్ ఉండదు కదా, నీళ్లలో ఉన్న కాస్త ఆక్సిజన్ దానికే అయిపోతుంది. చేపలు తేలేది అందుకే.

మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు లెక్కేస్తే 80 శాతం మురుగై బయటికొస్తుంది. 30 వేల జనం ఉన్న ఊరికి అది 32 లక్షల లీటర్ల పైమాటే. 2017 నాటి కేంద్ర నిబంధన ప్రకారం మాలాంటి ఊళ్లలో బీఓడీ (నీళ్లలోని మురుగును తినడానికి బ్యాక్టీరియాకు పట్టే ఆక్సిజన్) లీటరుకు 30 మిల్లీగ్రాములకు దిగాకే బయటికి వదలాలి. స్నానాలు చేసే నదిలో అయితే అది మూడు దాటకూడదు. ఆ 30ని మూడుకు దించాల్సింది నదిలో పారే నీళ్లే. ఎండాకాలం పెన్నలో పారుదల ఎక్కడుంది? సోమశిల నుంచి వదిలితే తప్ప ఇసుకే. చిన్నప్పుడు ఆ ఇసుకలో చెలమ తవ్వి దోసిళ్లతో తాగినవాళ్లం. ఇప్పుడు అక్కడ మడుగు కనబడితే, అది ఏ ఊరి కాలవో అని అనుమానం. కింద సంగం బ్యారేజీ ఉంది, నెల్లూరు బ్యారేజీ ఉంది. తాగడానికైనా, వరికైనా ఈ నీళ్లే.

కట్టడానికి నిధులకు దారుంది. 2021 అక్టోబరులో మొదలైన స్వచ్ఛ భారత్ పట్టణ మిషన్ రెండో విడతలో లక్ష లోపు జనాభా ఉన్న ఊళ్ల మురుగునీటిని కూడా చేర్చారు. నా గోడంతా కట్టాక నడపడం గురించే. కరెంటు బిల్లు, గ్రీజు, బేరింగులు ఎవరి పద్దు? చిన్న రిపేర్లకు ప్లాంటు దగ్గరే కొంత డబ్బు ఉంచండి, పనిచేసే స్పేర్ బ్లోయర్ ఒకటి ఉంచండి. ట్యాంకులో ఆక్సిజన్ ఎంతుందో రోజూ గేటు దగ్గర బోర్డు మీద తెలుగులో రాయించండి.

సెప్టిక్ ట్యాంకు బండ్ల సంగతి కూడా చూడాలి. తెల్లారకముందే వాగులో గుమ్మరించి పోతున్నాయి. ప్లాంటుకే తీసుకురావచ్చు. కాకపోతే ఆ చిక్కటి మురుగు ఒక్కసారిగా వచ్చి పడితే బ్యాక్టీరియా తట్టుకోలేదు. వేరే తొట్టిలో పట్టి కొంచెం కొంచెంగా కలపాలి. తొట్టి కట్టడానికి ప్లాంటు వెనక ఖాళీ జాగా నేనే చూశాను.

మోటారు తిరిగిన మూడు వారాలకు జాడీలో తేట నిలిచిందని ఆపరేటరు ఫోన్ చేశాడు. నా బిల్లు మాత్రం ఇంకా రాలేదు.

— ఓ మోటారు మెకానిక్, నెల్లూరు జిల్లా