రాగికి అయ్యే కరెంటు కొలిమిలో కాదు, మిల్లులో ఉంది

సంపాదకులకు,

ఎలక్ట్రిక్ వాహనాలకూ సోలార్ ప్లాంట్లకూ ఎంత రాగి కావాలో తరచూ చదువుతున్నాం. ఆ రాగికి ఎంత కరెంటు కావాలన్న మాట వచ్చేసరికి మాత్రం అందరి చూపూ స్మెల్టర్ (రాగిని కరిగించి తీసే కొలిమి) మీదే పడుతోంది. పొగ గొట్టం కనబడేది అక్కడే కదా. నిజానికి కాన్సంట్రేట్‌లోని (రాయిని పిండి చేసి, రాగి ఎక్కువున్న భాగాన్ని వేరుచేసిన పొడిలోని) గంధకం, ఇనుము ఆక్సిజన్‌తో మండి కొలిమికి కావలసిన వేడిలో చాలా భాగం అవే ఇస్తాయి. తర్వాత విద్యుద్విశ్లేషణతో 99.99 శాతం శుద్ధికి తేవడానికి టన్నుకు 300-400 యూనిట్లు చాలు. అసలు ఖర్చు అంతకుముందే, రాయిని పిండి చేసే దగ్గర అయిపోతుంది.

రాతిలో రాగి 1 శాతం ఉండి, అందులో 90 శాతం చేతికొస్తుందనుకుందాం. టన్ను రాగికి 111 టన్నుల రాయి ఆడించాలి. క్రషర్లు, మిల్లులు కలిపి టన్ను రాతికి 15 యూనిట్లు వేసుకున్నా సుమారు 1,670 యూనిట్లు. గ్రేడ్ (రాతిలోని రాగి శాతం) 0.5 శాతానికి పడిపోతే రాయి 222 టన్నులకు, కరెంటు 3,330 యూనిట్లకు చేరుతుంది. మంచి ఖనిజం ముందు అయిపోతుంది కనుక గని వయసు పెరిగేకొద్దీ ఈ భారం పెరుగుతూనే ఉంటుంది.

గ్రేడ్‌ను మార్చలేం. ఎంత మెత్తగా ఆడించాలన్నది మాత్రం మన చేతిలోనే ఉంది. వర్క్ ఇండెక్స్ (రాయిని నలపడం ఎంత కష్టమో చెప్పే అంకె) 14 ఉన్న రాయిని 2 మిల్లీమీటర్ల నుంచి 200 మైక్రాన్లకు (0.2 మిల్లీమీటరుకు) దించడానికి, ఆడించే కరెంటును లెక్కగట్టే బాండ్ సూత్రం ప్రకారం బాల్ మిల్లులో టన్నుకు 6.8 యూనిట్లు పడుతుంది. 150 మైక్రాన్లకైతే 8.3, 100కైతే 10.9. అలాగని ముతకగా వదిలేస్తే రాతిలో ఇరుక్కున్న రాగి రేణువులు టెయిలింగ్స్‌లోకి (పారబోసే వ్యర్థపు పొడిలోకి) పోతాయి. మరీ మెత్తనైతే ఫ్లోటేషన్‌లో (రాగి రేణువులను గాలి బుడగలకు అంటించి నీటిపై తేల్చే పద్ధతిలో) బుడగకు అంటుకోక అవీ అక్కడికే పోతాయి. అందుకే మొదటి ఫ్లోటేషన్‌ను ముతక పొడితో కానిచ్చి, తేలిన కొద్దిపాటి సరుకును మాత్రమే మళ్లీ మెత్తగా ఆడించాలి. ఎందుకూ పనికిరాని రాతిని పిండి చేయడానికి కరెంటు తగలేయడం అనవసరం.

మిల్లు నుంచి నీళ్లతో వచ్చే పొడిని గిరగిరా తిప్పి మెత్తనిదాన్ని ముందుకు, ముతకదాన్ని మళ్లీ మిల్లుకు పంపే సైక్లోన్ దగ్గర జరిగే నష్టం మీద శ్రద్ధ ఇంకా తక్కువ. రాగి ఖనిజమైన చాల్కోపైరైట్ సాంద్రత 4.2, రాగి లేని క్వార్ట్జ్ రాతిది 2.65. బరువు వల్ల, సరిపడా నలిగి విడిపోయిన రాగి రేణువు కూడా సైక్లోన్ అడుగునుంచి దిగి మళ్లీ మిల్లుకే చేరుతుంది, అనవసరంగా మరింత నలుగుతుంది. అడుగు నాజిల్ అరిగి రంధ్రం పెద్దదైతే నీళ్లతోపాటు ఇంకా ఎక్కువ మెత్తని పొడి వెనక్కి వస్తుంది. నాజిల్‌ను షిఫ్టులవారీగా కొలిచి, అరిగితే మార్చడం పెద్ద ఖర్చేమీ కాదు. వెనక్కి వచ్చే స్లర్రీ (నీళ్లు కలిసిన పొడి) మీద ఫ్లాష్ ఫ్లోటేషన్ సెల్ (త్వరగా తేలే రాగిని బుడగలతో పట్టే తొట్టి) పెడితే విడిపోయిన రాగిని అక్కడికక్కడే తీసేయవచ్చు. కొన్నిచోట్ల సైక్లోన్ బదులు సన్నటి జల్లెడలు కూడా వాడుతున్నారు. జల్లెడ బరువును చూడదు, పరిమాణాన్నే చూస్తుంది.

మన దేశంలో గనులు కొద్ది. మధ్యప్రదేశ్‌లోని మలాంజ్‌ఖండ్, రాజస్థాన్‌లోని ఖేత్రీ వంటివి ఉన్నా, గుజరాత్‌లోని దహేజ్ స్మెల్టర్ లాంటివి ప్రధానంగా దిగుమతి కాన్సంట్రేట్ మీదే నడుస్తాయి. అంటే ఆ రాయిని ఆడించిన కరెంటు చిలీ వంటి దేశాల్లో ఖర్చైపోయింది, మన లెక్కల్లోకి రాదు. తుక్కు రాగికి ఈ మిల్లు ఖర్చే లేదు. కానీ పాత తీగల పైపొరను ఆరుబయట కాల్చేస్తే పీవీసీ పొగ విషమవుతుంది, రాగికి మసి పట్టి ధర కూడా తగ్గుతుంది. పొరను ఒలిచే మెషిన్లు తుక్కు వ్యాపారులందరికీ అందుబాటులోకి రావాలి.

గని కంపెనీలు తమ వార్షిక నివేదికల్లో టన్ను రాగికి ఎంత కరెంటు అయిందో చెప్పి ఊరుకోకూడదు. టన్ను రాతికి మిల్లులో ఎన్ని యూనిట్లు అయ్యాయి, ఎన్ని మైక్రాన్లకు ఆడించారు, ఆ ఏడాది గ్రేడ్ ఎంత, టెయిలింగ్స్‌లోకి ఎంత రాగి పోయింది అన్న నాలుగు అంకెలనూ గనివారీగా ప్రచురించాలని కోరుతున్నాం.

- ఖనిజ శుద్ధి ఇంజినీర్లు, హైదరాబాద్