పొట్లం మీద సూర్యుడు

ఒరేయ్ పంతులూ,

జవాబు ఆలస్యమైనందుకు ఎంత తిట్టుకున్నా పడతాను. ఈజిప్టు నుంచి వచ్చి పది రోజులైంది, బూట్లు దులిపితే ఇంకా ఇసుక రాలుతోంది.

మా మందుల దుకాణంలో నాతో పనిచేసే కాప్టిక్ మిత్రుడి, అంటే ఈజిప్టు క్రైస్తవుడి, సంగతి ఇదివరకు రాశాను కదా. ఇక్కడి న్యూజెర్సీలో వాళ్ళ చర్చి వాళ్ళు ఎగువ ఈజిప్టు పల్లెల్లో వైద్య శిబిరాలు పెడుతుంటారు. "డాక్టర్లు దొరికారు, మాత్రలు లెక్కపెట్టేవాడే దొరకలేదు, రా" అన్నాడు. వెళ్ళాను. ఎగువ అంటే పటంలో పైన వెతకకు. నైలు దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది కాబట్టి ఎగువ ఈజిప్టు పటంలో కింద ఉంటుంది. పిల్లలకు ఈ తిరకాసు ప్రశ్న వేసి చూడు.

దారి పొడవునా నాకు మా నాయనమ్మే గుర్తొచ్చింది. అమెరికా నుంచి 1883లో గుంటూరు వచ్చిన కుగ్లర్ దొరసాని కట్టించిన ఆసుపత్రిలోనే మా నాన్న పుట్టాడు. మందు కోసం ఆ వరండాలో కూర్చున్న వాళ్ళ మనవణ్ణైన నేను ఇప్పుడు అమెరికా నుంచి బయలుదేరి బల్లకు అవతలి వైపు కూర్చోవడం విడ్డూరంగానే అనిపించింది.

కైరో నుంచి మిన్యా దాదాపు 250 కిలోమీటర్లు. అక్కడినుంచి సమాలూత్ వైపు, చెరకు తోటల మధ్య ఒక పల్లె. వీధుల్లో తిరిగే ఆటోలు మన బజాజ్ ఆటోలే! వాటిని తోక్‌తోక్ అంటారు. మేం వెళ్ళింది ఫిబ్రవరిలో. మనకు కార్తెలున్నట్టు అక్కడి రైతులకు, క్రైస్తవులైనా ముస్లిములైనా, కాప్టిక్ నెలలున్నాయి. ఇది అమ్షీర్, గాలుల నెల. చర్చి హాలులో దుప్పట్లు కట్టి డాక్టర్లకు గదులు చేశారు. మొదటి రోజే ఒక దుప్పటి ఎగిరిపోయి, లోపల నడుం చూపిస్తున్న పెద్దాయన ఊరందరికీ కనిపించాడు. ఆయన ఏమీ అనుకోలేదు, నవ్వాడు.

నాకు భాష రాదు. అయినా మొదటి గంటలోనే రెండు ముక్కలు పట్టుబడ్డాయి. మధుమేహాన్ని వాళ్ళు "సుక్కర్" అంటారు, రక్తపోటును "దగ్త్", అంటే ఒత్తిడి. మనం షుగరు, బీపీ అన్నట్టే. ఎలా ఉన్నారని అడిగితే కాప్టులు "నెష్కొర్ రబ్బెనా" అంటారు, దేవుడికి కృతజ్ఞతలని. ఆ మాట చెప్పాకే మోకాలి నొప్పి మొదలవుతుంది. పక్క వీధి ముస్లిం ఆడవాళ్ళు కూడా అదే వరుసలో నిలబడి, "అల్‌హమ్దులిల్లా" అని, అదే మోకాలు చూపించేవారు.

ఒక ముసలాయన నెలకు సరిపడా మాత్రలు ఇచ్చినా చాలవని బేరం పెట్టాడు. మా మిత్రుడు కుదరదన్నాడు. ఆయన చేతులు విసిరి "ఇంత ఫాకిర్నీ హిందీ?" అని అరిచాడు. 'నన్ను ఇండియావాణ్ణి అనుకున్నావా' అని అర్థం. అక్కడ తెలివితక్కువవాడనడానికి ఆ మాట వాడుకలో ఉంది. అని, నా వైపు చూశాడు. ఒక్క క్షణం నిశ్శబ్దం, ఆపైన హాలంతా నవ్వులు. ఆయన సిగ్గుపడి నా బుగ్గ నిమిరి, అమితాబ్ బచ్చన్ క్షేమమా అని అడిగాడు. క్షేమమేనని హామీ ఇచ్చాను.

ఇక నా ఘనకార్యం విను. చదువు రానివాళ్ళ కోసం పొట్లాల మీద ఉదయానికి సూర్యుణ్ణి, రాత్రికి చంద్రుణ్ణి గీశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. మర్నాడు నల్ల గలబియా వేసుకున్న ఒకావిడ, కుడి మణికట్టు మీద పచ్చబొట్టు సిలువ, పొట్లం విప్పకుండా తెచ్చి నా ముందు పెట్టింది. షుగరు మాత్రలవి. "తిన్నాక వేసుకోమన్నావు. సూర్యుడు గీశావు. పొద్దున నేను తినను కదా" అంది. యోనా ఉపవాసమట. బైబిల్లోని నీనెవె నగర ప్రజల పశ్చాత్తాపానికి గుర్తుగా మూడు రోజులు చేస్తారు. మధ్యాహ్నం దాటేదాకా నోట్లో ఏమీ వేసుకోరు. ఏడాదిలో రెండు వందల రోజులకు పైగా ఏదో ఒక ఉపవాసం ఉండే జనం దగ్గరికి వెళుతూ ఆ సంగతి కనుక్కోవాలని నాకు తోచలేదు!

ఉపవాసం మానమని డాక్టరు చెబితే ఆవిడ చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు చూసింది. చివరికి అబూనా, అంటే వాళ్ళ ఫాదరు, వచ్చాడు. ఉపవాసం నుంచి సడలింపు ఇచ్చే అధికారం ఆయనది, దాన్ని "హిల్" అంటారు. ఆయన ఇచ్చినా ఆవిడ ఊరికే ఒప్పుకోలేదు. పొద్దున రొట్టె, ఫూల్ అనే చిక్కుడు జాతి గింజలు తింటాను గానీ మాంసం, పాలు ముట్టనంది. ఆయన సరేనన్నాడు. ఆ సాయంత్రం నేను మిగిలిన పొట్లాలన్నిటి మీదా సూర్యుడి పక్కన ఒక కంచం గీస్తూ కూర్చున్నాను.

ఇంకొకాయన ఉన్నాడు, డెబ్బై దాటి ఉంటాయి. కుర్రతనంలో కాలువలో దిగి బిల్హార్జియా తెచ్చుకున్నాడు. నీళ్ళలోని నత్తల నుంచి వచ్చే పురుగు అది, మూత్రంలో రక్తం పడుతుంది. 1950ల నుంచి 1980ల దాకా ప్రభుత్వం పల్లె పల్లెకూ తిరిగి దానికి సూదులు వేసింది. సరిగ్గా మరిగించని సిరంజీలు ఒకరి నుంచి ఒకరికి మారాయి, వాటితో హెపటైటిస్ సి పాకింది. దేశంలో ఎన్ని లక్షల కాలేయాలు పాడయ్యాయో! 2013 చివర్లో దాన్ని నయం చేసే మాత్ర సోఫోస్‌బువిర్ వచ్చింది. అప్పట్లో అమెరికాలో పన్నెండు వారాలకు 84,000 డాలర్లు, ఒక్క మాత్ర వెయ్యి. ఆ సీసాను నేను రెండు చేతులతో పట్టుకునేవాణ్ణి. ఈజిప్టు బేరమాడి 900 డాలర్లకు తెచ్చుకుంది, తర్వాత సొంతంగా ఇంకా చవకగా తయారు చేసుకుంది. 2018లో మొదలుపెట్టి కోట్ల మందికి రక్తపరీక్షలు చేశారు. ఆ పెద్దాయనకూ అప్పుడే బయటపడి నయమైంది. "సూదితో ఎక్కించారు, మాత్రతో దించారు" అని చెప్పి మా దగ్గర దగ్గుమందు మాత్రం తీసుకుని వెళ్ళాడు.

ఇన్ని ఊసులు చెప్పాను గానీ, నిజం చెప్పనా? నెలకు సరిపడా బీపీ మాత్రలిచ్చి విమానం ఎక్కేసిన వాళ్ళం మేము. రెండో నెల సంగతి చూసేది తాసోని. కాప్టిక్‌లో 'నా సోదరి' అని అర్థం, చర్చి సేవలో ఉన్న ఆడవాళ్ళను అలా పిలుస్తారు. మేం బల్లలు సర్దుతుంటే ఆవిడ గీతల పుస్తకంలో ప్రతి రోగి పేరూ, వీధీ, మాత్ర రంగూ ఎక్కించుకుంది. అడ్డొచ్చి పేరు చెప్పబోతే పెన్ను ఎత్తి నోరు మూయించింది. ఫొటోల్లో ఆవిడ ఎక్కడా లేదు, చూశాను. మొన్న మా మిత్రుడికి ఫోను చేసి, పచ్చబొట్టావిడ రోజూ కంచం చూసుకుని మరీ మాత్ర వేసుకుంటోందని, చంద్రుడి పక్కన కంచం ఎందుకు లేదని అడిగిందని చెప్పిందట.

నీకు కర్కదే పంపుతున్నాను. మన గోంగూర జాతి మొక్క పూల కింది ఎర్ర రేకులు, మరిగిస్తే పుల్లటి పానీయం అవుతుంది. వాళ్ళు అందులో పంచదార కుమ్మరిస్తారు. నువ్వు వేసుకోకు, నీ సుక్కర్ సంగతి నాకు తెలుసు. రక్తపరీక్ష చేయించుకుని ఎంత ఉందో రాయి. కాకమ్మ కథలు చెప్పావో, పుస్తకంతో సహా తాసోనిని తెనాలి పంపిస్తాను.

నీ
మాత్రలవాడు