అంకణం అన్నిచోట్లా ఒకటి కాదు

నెల్లూరు,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచీ నాకు టెన్షన్‌గా ఉంది. చెన్నైలో ఫ్లాటు అమ్మేసి ఇటు వచ్చేస్తానన్నావు, ఎంత సంతోషమో చెప్పలేను. కానీ మూడు ఊళ్లలో ఇళ్ల స్థలాల రేట్లూ పక్కపక్కన రాసుకుని తిరుపతే చవక అని తేల్చేశావు చూడు, అక్కడ పొరబడ్డావురా. అడ్వాన్సు ఇవ్వలేదు కదా? ఇవ్వకు.

నీకు చెప్పిన రేట్లేమిటి? నెల్లూరులో అంకణం 2 లక్షలు, తిరుపతిలో లక్షన్నర, ఒంగోలులో గజం 22,000. మన నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. తిరుపతిలో అంకణమంటే 36 అడుగులే, 4 గజాలు. అన్నీ గజాల్లోకి మార్చి చూడు. నెల్లూరు 25,000, తిరుపతి 37,500. నువ్వు చవకనుకున్నదే అన్నిటికన్నా ఖరీదు! మా బావమరిది కూడా 30 అంకణాలనగానే 240 గజాలనుకుని తిరుపతి వెళ్లాడు. తీరా కొలిస్తే 120.

ఫ్లాటు తీసుకునే ఆలోచన కూడా ఉందన్నావు. అయితే కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపలి జాగా, ఎంతో అడుగు. ఇక్కడ 1,200 అడుగులన్న ఫ్లాటులో నేనే టేపు పట్టి కొలిచా, గోడల లోపల 870 వచ్చింది. మెట్లకీ లిఫ్టుకీ కూడా మనమే డబ్బు కడుతున్నామన్నమాట. రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం వేరే వేసుకో.

నెల్లూరుతో పోలిస్తే ఒంగోలులో 200 గజాలకు 6 లక్షలు మిగులుతాయి, నిజమే. కానీ నెలనెలా అమ్మను చెన్నైలో డాక్టరుకు చూపించాలి కదా? ఒంగోలు నుంచైతే ఇంకో 120 కిలోమీటర్లు. ఆ మోకాళ్లతో ఆవిడ అంతసేపు రైల్లో కూర్చోగలదా? నా ఓటు నెల్లూరుకే. ఇక్కడైనా ఏటి పక్కన రేటు తక్కువ చెబితే తొందరపడకు. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి భగత్‌సింగ్ కాలనీలో ఇళ్లు మునిగాయి. ఆ వీధుల్లో బురద నేను కళ్లారా చూశా.

వేదాయపాళెంలో రెండు స్థలాలు చూసిపెట్టా. ఒకదానికి ఈసీ తీయిస్తున్నా, దాని మీద తాకట్లేమైనా ఉంటే అందులో తెలుస్తుంది. పండక్కి అమ్మను కూడా తీసుకురా, స్థలం ఆవిడ కూడా చూడాలి. ఏ రైలుకు వస్తారో రాయి, స్టేషన్‌కు వస్తా.

నీ
రమణ