ఆదివారం సినిమా కబుర్లు: 'హియర్ కమ్స్ ద బూమ్'

అందరికీ నమస్కారమండీ!

ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు మన మేడ మీదే కూర్చుందాం. 2012లో వచ్చిన సినిమా ఇది, గంటా ముప్పావే. చూడనివాళ్లు శనివారం రాత్రికల్లా చూసేయండి.

హైస్కూల్ బయాలజీ మాస్టారుగా నటించింది కెవిన్ జేమ్స్. బడిలో సంగీతం క్లాసు మూతపడకుండా 48,000 డాలర్లు కావాలి. ఫైటింగ్ పోటీల్లో ఓడినా డబ్బులిస్తారని తెలిసి దిగుతాడు! నాకైతే ఆ గుద్దులాట కంటే రాత్రిపూట పౌరసత్వ పరీక్షకి పాఠాలు చెప్పే క్లాసే నచ్చింది. అక్కడి స్టూడెంటే ఈయనకి కోచ్ అవుతాడు. మా ఆవిడ మాత్రం "చివర ఏమవుతుందో సగంలోనే తెలిసిపోయింది" అని పెదవి విరిచింది.

ఒక్కొక్కరికి 3 నిమిషాలు. నవ్వొచ్చిన సీను ఒకటి, విసుగొచ్చింది ఒకటి చెప్పాలి. "బాగుంది" అని తప్పించుకుంటే కుదరదు. మన గ్రూపులో టీచర్లున్నారుగా, ముందు మీరే మొదలుపెట్టాలి.

వచ్చేవాళ్లు శుక్రవారంలోగా ఇక్కడ పేరు పెట్టండి, మిర్చి బజ్జీలకి లెక్క చెప్పాలి. పోయినసారి 12 మంది పేర్లిచ్చి 20 మంది వచ్చారు. నాకు ఉల్లిపాయ ముక్కలే మిగిలాయి.

క్లైమాక్స్ మాత్రం గ్రూపులో పెట్టకండి, ప్లీజ్!